పంతొమ్మిదేళ్ళ గొంతులు

కాలాపానీకి అవతల మనవాళ్ళు: 14వ భాగం

కిందటి వారం జంగ్లీఘాట్ ఒడ్డున ఆగాం. 1950ల్లో ఆంధ్ర తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చిన జాలరి కుటుంబాల పడవల గురించీ, వలల గురించీ, వాళ్ళకు దొరికిన జాగాల గురించీ చెప్పుకున్నాం. ఓడ దిగేటప్పుడు ఏ గుమస్తా లెక్క రాసుకోని సామాను ఒకటి వాళ్ళ దగ్గర ఉండేది. అది పాట. ఈ వారం ఆ పాట కథ.

1951 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవులన్నీ కలిపి 30,971 మంది. 1961 నాటికి 63,548 మంది. పదేళ్ళలో జనం రెట్టింపయ్యారు. తూర్పు బెంగాల్ కాందిశీకులు, రాంచీ కూలీలు, తమిళులు, మలయాళీలు, మనవాళ్ళు, వీళ్ళలో చాలామంది ఆ పదేళ్ళలోనే ఇక్కడ పొయ్యి రాజేసుకున్నారు. తెలుగు సినిమా పాట నిండుగా పండిన పదేళ్ళు కూడా అవే. సరిగ్గా అప్పుడు ఊరు వదిలి వచ్చినవాళ్ళు ఏ పాట చెవిలో పెట్టుకొని ఓడ ఎక్కి ఉంటారో, ఆ పాట పాడింది ఎవరో వెతుక్కుంటూ పోతే ఒక విషయం కళ్ళ ముందుకు వచ్చింది. ఆ గొంతుల్లో చాలావాటికి అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు.

అమెరికాలో, ఇంగ్లండులో ఇలాంటి సంగతికి లెక్కలున్నాయి. అక్కడ బిల్‌బోర్డ్ పత్రిక 1940 జులై నుంచే ఎక్కువగా అమ్ముడైన రికార్డుల వరస అచ్చువేసింది. లండన్‌లో 1952 నవంబరులో అలాంటి పట్టిక మొదలైంది. ఆ పట్టికల్లోకి పసివాళ్ళు ఎక్కినప్పుడల్లా లోకం చెప్పుకుంది. ఫ్రాంకీ లైమన్ 1956లో 13 ఏళ్ళకే పేరు తెచ్చుకున్నాడు. పాల్ ఆంకా 1957లో 16 ఏళ్ళకు, బ్రెండా లీ 1960లో 15 ఏళ్ళకు జనం నోళ్ళలో పడ్డారు. వాళ్ళ వయసే వాళ్ళ ప్రచారం. బొమ్మ, వయసు, గొంతు మూడూ కలిపి అమ్మారు.

మనకు అలాంటి పట్టిక లేదు. సినిమా ఎన్ని రోజులు ఆడింది, పాటల పుస్తకం ఎన్నిసార్లు అచ్చయింది, పెళ్ళి పందిట్లో మైకుసెట్టువాడు ఏ రికార్డు మళ్ళీ మళ్ళీ వేశాడు, ఇవే మన కొలతలు. పాడినవాళ్ళ వయసు మాత్రం ఎవరూ కొలవలేదు. వాళ్ళ గొంతు తెరమీద ఇంకొకరి పెదాల మీద పలికేది. ఒక్కోసారి పేరు కూడా మిగిలేది కాదు. 1949లో హిందీ ‘మహల్’ పాట రికార్డు మీద గాయని పేరున్న చోట సినిమాలోని పాత్ర పేరు, కామిని అని, అచ్చువేశారు. పాడింది అప్పుడప్పుడే ఇరవైలో పడుతున్న లతా మంగేష్కర్.

మన కథ అంతకన్నా ముందే మొదలైంది.

సాలూరు పిల్లవాడు

విజయనగరానికి ఉత్తరాన, కొండల అంచున ఉన్న ఊరు సాలూరు. అక్కడి శివరామపురంలో 1922లో పుట్టాడు రాజేశ్వరరావు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌కు పక్కవాద్యం వాయించినవాడు. ఇంట్లో పాట అన్నంలాంటిది. 1935లో వేల్ పిక్చర్స్ వారి ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో ఆ పిల్లవాడే కృష్ణుడు. అప్పటికి ప్లేబ్యాక్ రాలేదు. నటించేవాడే కెమెరా ముందు నిలబడి పాడాలి. వేమూరి గగ్గయ్య కంసుడిగా గర్జిస్తుంటే ఎదురుగా నిలబడి పాడిన ఆ కుర్రవాడి పాటలు ఊరూరా మోగాయి. పదమూడేళ్ళ ఆ పిల్లవాడే తెలుగు జనం గొంతు విని మోహపడిన మొదటి కుర్రకారు గాయకుల్లో ముందు వరసవాడు. మరుసటి ఏడాది ‘మాయాబజార్’లో అభిమన్యుడు కూడా అతనే.

గొంతు మారే వయసు ప్రతి మగపిల్లవాడికీ వస్తుంది. కృష్ణుడి వేషాలు ఎల్లకాలం ఉండవు. రాజేశ్వరరావు కలకత్తా వెళ్ళి సైగల్, పంకజ్ మల్లిక్‌ల పాటను దగ్గరగా విన్నాడు. తిరిగి వచ్చాక పాడటంకన్నా పాట కట్టడం ఎక్కువ చేశాడు. ‘చంద్రలేఖ’ (1948), ‘మల్లీశ్వరి’ (1951) ఆయన చేతిలో పెరిగినవే. చిన్నప్పుడు వచ్చిన పేరును ఆయన పెట్టుబడిగా వాడుకున్నాడు, దాన్నే తింటూ కూర్చోలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మనిషి ఇంకో కుర్ర గొంతుకు బాట వేశాడు. ఆ సంగతి కాసేపట్లో.

మొదటి అరువు గొంతు

రావు బాలసరస్వతి 1928లో పుట్టింది. ఆరేళ్ళకే గ్రామఫోను రికార్డు ఇచ్చింది. 1936లో సి.పుల్లయ్య పిల్లలతో తీసిన చిత్రాల్లో నటించి పాడింది. 1940లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘ఇల్లాలు’లో రాజేశ్వరరావు, ఆమె కలిసి కనిపించారు. సినిమాతో సంబంధం లేకుండా వీళ్ళిద్దరూ ఇచ్చిన లలితగీతాల రికార్డులు తెలుగు ఇళ్ళలో ఒక తరాన్ని మురిపించాయి. పాప్ పాట అని ఈనాడు మనం దేన్ని అంటున్నామో దానికి తెలుగులో తాత ముత్తాతలు ఆ రికార్డులే. సినిమా కథ లేదు, దేవుడి కథ లేదు, ఒక మాట, ఒక వరస, మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాల లెక్క ఎక్కడిదో కాస్త దగ్గరగా చూద్దాం. ఆ రికార్డు లక్కతో చేసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల పళ్ళెంలో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. పల్లవి, చరణాలు, మధ్యలో వాద్యం, అన్నీ అందులోనే సర్దాలి. పెట్టె పక్కనున్న పిడి తిప్పి స్ప్రింగుకు చావీ ఇవ్వాలి, ఉక్కు సూదిని మెల్లగా గాడిలో దించాలి. మొదట బరబరమని చప్పుడు, ఆ చప్పుడు లోపలినుంచి గొంతు. సూది అరిగిపోతుంది కాబట్టి ఒకటి రెండు పాటలకోసారి మార్చాలి. చేయి జారి కింద పడితే రికార్డు పెంకులా పగులుతుంది. ఏడాదిలో చాలా నెలలు వాన కురిసే దీవిలో ఆ సూదిని తుప్పు నుంచి కాపాడుకోవడమే ఒక పని. అంత జాగ్రత్త అడిగే వస్తువు కాబట్టే దాని చుట్టూ పదిమంది కూర్చుని వినేవారు.

1943లో నాగయ్య గారు తీసిన ‘భాగ్యలక్ష్మి’లో కమలా కొట్నీస్ అభినయానికి బాలసరస్వతి తెరవెనక పాడింది. తెలుగులో ఒకరి కోసం మరొకరు పాడటానికి అదే నాంది అని చెబుతారు. ఆ రోజు మైకు ముందు నిలబడిన అమ్మాయికి పదిహేనేళ్ళకు అటూ ఇటూ. ఇన్ని వేల పాటల మన నేపథ్యగానం ఒక బడి ఈడు పిల్ల గొంతుతో మొదలైంది! మరుసటి ఏడాదే ఆమెకు కోలంక రాజావారితో పెళ్ళయింది. పాట మెల్లమెల్లగా తగ్గిపోయింది. 2025 అక్టోబరులో, 97 ఏళ్ళు నిండిన వయసులో ఆమె కన్నుమూసినప్పుడు నివాళి రాసినవాళ్ళందరూ తలచుకున్నవి ఆ మొదటి ఏళ్ళనే. ఒక గొంతు పూర్తిగా పండకముందే ఇంటి గడప లోపల ఉండిపోయిన లోటు తెలుగు పాటకు ఎప్పటికీ లోటే. దాన్ని మెత్తటి మాటలతో కప్పాలని నాకు లేదు.

పది రోజుల తేడా

1935 నవంబరు 3న మద్రాసులో ఒక ఆడపిల్ల పుట్టింది, కృష్ణవేణి. చంద్రగిరి నుంచి వెళ్ళిన కుటుంబం. సరిగ్గా పది రోజుల తర్వాత, నవంబరు 13న విజయనగరంలో ఇంకో ఆడపిల్ల పుట్టింది, సుశీల. మొదటి పిల్లను లోకం జిక్కి అంది.

జిక్కి 1943లో, ఇంకా ఎనిమిదేళ్ళు నిండకముందే, ‘పంతులమ్మ’లో కనిపించి పాడింది. 1948లో తమిళ ‘జ్ఞానసుందరి’ వచ్చింది. అందులో మేరీమాతను వేడుకునే పాటను కథానాయిక చిన్నతనంలో జిక్కి మొదలుపెడుతుంది. పాట నడుస్తుండగానే పిల్ల పెద్దదవుతుంది, గొంతు పి.ఏ.పెరియనాయకిదిగా మారుతుంది. ఆ పాట తమిళనాట ఇంటింటి పాటయింది. అదే కథను జెమినీ వాసన్ కూడా తీశారు గాని, ఈ చిత్రం ముందు నిలబడలేక వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జిక్కికి అప్పుడు పదమూడో ఏడు. 1953లో రాజ్‌కపూర్ ‘ఆహ్’ తెలుగులో ‘ప్రేమలేఖలు’ అయినప్పుడు శంకర్ జైకిషన్ వరసలకు తెలుగు పాడింది ఏ.ఎం.రాజా, జిక్కి. ఆమెకు పదిహేడు దాటి పద్దెనిమిది వస్తోంది.

సుశీల దారి వేరు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా నడిపిన విజయనగరం సంగీత కళాశాలలో చదివి డిప్లొమా తీసుకుంది. ద్వారం వారి నీడ ఆ బడి మీద ఉంది. మద్రాసు వచ్చాక పెండ్యాల నాగేశ్వరరావు ఆమె గొంతును గుర్తించారు. ‘కన్నతల్లి’తో, దాని తమిళ రూపంతో ఆమె సినిమా పాట మొదలైంది. ఆమెకూ అప్పటికి పదిహేడే.

ఇక 1955కు వద్దాం. ఆ సంవత్సరం మొదటి నాలుగు నెలలు తేదీల వారీగా చూడాలి.

జనవరి 12న ‘మిస్సమ్మ’ విడుదలైంది. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. సావిత్రికి పి.లీల పాడగా, జమునకు సుశీల పాడింది. తెరమీద జమునకు 18 ఏళ్ళు, తెరవెనక సుశీలకు 19. పదమూడో ఏట కృష్ణుడై పాడిన కుర్రవాడు ముప్పై రెండేళ్ళ సంగీత దర్శకుడై, తన పక్క ఊరి పిల్లకు నిలిచిపోయే పాటలు ఇచ్చాడు. సాలూరికీ విజయనగరానికీ ఎంత దూరం!

ఏప్రిల్ 15న ‘రోజులు మారాయి’ వచ్చింది. తాపీ చాణక్య దర్శకత్వం, మాస్టర్ వేణు సంగీతం. ఆ సినిమాలో ఏరువాక పాట రాసింది కొసరాజు. జిక్కి పాడింది. తెరమీద ఆడింది వహీదా రెహ్మాన్, విశాఖపట్నం కాన్వెంటులో చదువుకున్న అమ్మాయి, వయసు 17. అప్పటికి దేశానికి ఆమె ఎవరో తెలియదు. ఆ పాటతో తెలిసింది. హైదరాబాదు వచ్చిన గురుదత్ చెవిన ఆ పేరు పడి, ఆమెను బొంబాయి తీసుకెళ్ళిన కథ అందరికీ తెలిసిందే. 1960లో ఎస్.డి.బర్మన్ ‘బంబయి కా బాబూ’లో ఆ వరసనే హిందీలో వినిపించారు. రాసినాయనకు యాభైకి దగ్గర. పాడిన పిల్లకు, ఆడిన పిల్లకు కలిపి 36.

ఏప్రిల్ 28న, అంటే సరిగ్గా పదమూడు రోజులకు, ‘అనార్కలి’ విడుదలైంది. ఆదినారాయణరావు సంగీతం, అంజలీదేవి అనార్కలి. పాడింది మళ్ళీ జిక్కి. 1953 హిందీ అనార్కలికి లత పాడిన వరసలు జనం చెవుల్లో ఇంకా మోగుతున్నాయి. వాటితో పోలిక తప్పదు. అక్కినేని నాగేశ్వరరావు ఆ రెండు సినిమాలకీ నాయకుడే గనక, ఏప్రిల్ నెలలో ఒక ఊళ్ళో పొలం గట్టు మీది రైతుగా, పక్క ఊళ్ళో మొగలాయి యువరాజుగా కనిపించాడు. అతని చుట్టూ తిరిగే పాట మాత్రం ఒకే అమ్మాయిది.

ఏరువాక పాటనూ, అనార్కలి పాటనూ పక్కపక్కన పెట్టుకొని వినండి. ఏరువాకలో జిక్కి మాటల్ని విత్తనాల్లా చల్లుతుంది. చివర గట్టిగా కొట్టి వదిలేస్తుంది, ఊపిరి తీసుకున్నట్టే తెలియదు, నాగలి చాలు మలుపు దగ్గర ఎద్దును అదిలించినట్టు గొంతు విరుస్తుంది. అనార్కలిలో ప్రాణం పోతున్న మనిషి. అక్కడ మాట చివర వదలదు, సన్నని దారంలా లాగుతుంది, తెగుతుందేమో అనిపించే చోట నిలుపుతుంది. పొలం పనీ తెలియని, చావూ తెలియని పంతొమ్మిదేళ్ళ పట్నం పిల్ల అది. పన్నెండేళ్ళుగా మైకు ముందు నిలబడిన అనుభవం మాత్రం ఆమెకు ఉంది. నాకు తెలిసినంతలో తెలుగు పాటలో వయసుకు మించిన పనితనానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రెండేళ్ళకు, 1957లో, రేపల్లె దగ్గరి పల్లపట్లలో పుట్టిన ఎస్.జానకి ‘ఎమ్మెల్యే’ చిత్రంతో తెలుగు పాటలోకి వచ్చింది. ఆమెకూ 19.

సముద్రం దాటిన దారి

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖ 1200 కిలోమీటర్లు, మద్రాసు 1190. నడుమ బంగాళాఖాతం తప్ప ఏమీ లేదు. ఓడ మీద మూడు నాలుగు రోజుల ప్రయాణం. సినిమా రావాలంటే రీళ్ళ పెట్టెలు రావాలి, ఆడించే హాలు కావాలి, చూసే జనం సరిపోవాలి. పాటకు అవేవీ అక్కర్లేదు.

అది మొదట మనిషి నోట వచ్చింది. ఓడ ఎక్కేముందు ఊళ్ళో టూరింగు టాకీసులో చూసి వచ్చినవాడు ఇక్కడ వల అల్లుతూ పాడతాడు. ఇంకొకరు కలుస్తారు. సినిమా చూడని పిల్లకు పాట మొత్తం వస్తుంది. ఏరువాక నిజానికి రైతు పండగ, జ్యేష్ఠ పూర్ణిమనాడు నాగలి కట్టే వేళ. దున్నడానికి పొలం లేని జాలరికి అందులో ఏముంది అనిపించవచ్చు. సొంత ఊరు ఉంది. తొలకరి వాసన, ఎద్దుల గంటలు, పొరుగు వీధి ఉన్నాయి. సముద్రం మీద బతికేవాడికి నేల పాటే ఇంటి పాట.

రెండో దారి రేడియో. రాత్రి పూట మీడియం వేవ్ తరంగాలు ఆకాశంలోని అయాన పొరకు తగిలి వంగి కిందికి వస్తాయి. పగలు అందని స్టేషను చీకటి పడ్డాక అందుతుంది. మద్రాసు కేంద్రం 1938 నుంచి, విజయవాడ 1948 నుంచి ఉన్నాయి. అయితే 1952 నుంచి కేంద్ర మంత్రి బి.వి.కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటను దాదాపు వెలివేసింది. ఆ ఖాళీలోకి రేడియో సిలోన్ వచ్చింది. యుద్ధకాలంలో సైనికుల కోసం కొలంబో దగ్గర పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ అది. ఉపఖండమంతా దాని పాట విన్నది. తర్వాతి కాలంలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించింది కూడా అక్కడి నుంచే. 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలుపెట్టి ఆకాశవాణి తన శ్రోతల్ని వెనక్కి పిలుచుకుంది.

సినిమా దాచిన పేరును రేడియో పైకి చెప్పింది. ఈ భాగమంతటికీ ఆయువుపట్టు ఈ ఒక్క మాటే. హాల్లో కూర్చున్నవాడికి పాడేది అంజలీదేవి. రేడియో ముందు కూర్చున్నవాడికి అంజలి కనపడదు. చిత్రం పేరు, రాసినవారి పేరు, సంగీతం, పాడినవారు జిక్కి అని వినబడుతుంది. హాలు దగ్గరున్న ఊరివాడికి ముఖం ముందు, గొంతు తర్వాత. ద్వీపంలో ఉన్నవాడికి గొంతు ముందు, చాలాసార్లు గొంతు ఒక్కటే. తెలుగు గాయనిని ఆమె సొంత పేరుతో ప్రేమించిన మొదటి శ్రోతల్లో ఇలా దూరాన ఉన్నవాళ్ళది పెద్ద భాగమని నేను నమ్ముతాను. రంగూన్‌లో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, జంగ్లీఘాట్‌లో, ఎక్కడైనా అంతే.

ఆ తర్వాత

ఫ్రాంకీ లైమన్ 25 ఏళ్ళకే చనిపోయాడు. వయసునే అమ్ముకున్న పేరు వయసుతోపాటే పోయింది. మన పిల్లల వయసును ఎవరూ అమ్మలేదు. అందువల్ల వాళ్ళకు ఒక అన్యాయం జరిగింది, ఒక మేలూ జరిగింది. చిన్నవాళ్ళని ఎవరూ చెప్పుకోలేదు, రావలసిన ముద్దూ మురిపెం రాలేదు. కానీ మొదటి రోజు నుంచీ పెద్దవాళ్ళ పని చేశారు, పెద్దవాళ్ళలాగే నిలిచారు. సుశీల 1968 చిత్రాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ నేపథ్య గాయనిగా మొట్టమొదటి పేరయింది. 2016లో 17,695 పాటల లెక్కతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. జానకి పాట అరవై ఏళ్ళకు దగ్గరగా నడిచింది.

జిక్కి ఏ.ఎం.రాజాను పెళ్ళాడింది. 1960లో ఆయన సంగీతం కట్టిన ‘పెళ్ళి కానుక’లో ఆమె పాటలు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వినిపిస్తాయి. ఆ తర్వాత అవకాశాలు తగ్గాయి. 1989 ఏప్రిల్‌లో రాజా రైలు ప్రమాదంలో పోయారు. 2004 ఆగస్టు 16న, 68 ఏళ్ళ వయసులో, కాన్సరుతో జిక్కి వెళ్ళిపోయింది. 1955 ఏప్రిల్ ఆమెకు శిఖరం అని రాస్తుంటే చేయి కాస్త ఆగుతుంది. పంతొమ్మిదేళ్ళకే శిఖరం చూసిన మనిషికి మిగతా దారి ఎలా తోచి ఉంటుంది? ఆమె పాట వినేటప్పుడైనా ఆ ప్రశ్న మనకు గుర్తుండాలి.

2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు నూటికి పదమూడు మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. అందులో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో ఉన్నాయి. సాలూరి పిల్లవాడిదీ, విజయనగరం పిల్లదీ అదే మట్టి. 1955 ప్రాంతంలో ఓడ దిగిన కుర్రకారుకు కూడా పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళే. చీకటి పడ్డాక, పక్కింటి రేడియోలోంచి గరగరల మధ్య ఒక గొంతు వచ్చి ఏరువాక పాడితే, పాడే మనిషి తమ ఈడుదేనని వాళ్ళలో ఎవరికీ తెలిసి ఉండదు. తమకన్నా పెద్దది, ఊరంత పాతది అనిపించి ఉంటుంది. అటు మద్రాసులో ఆ అమ్మాయికీ తన పాట ఎంత దూరం పోయిందో తెలియదు. ఒకే ఈడు పిల్లలు, సముద్రానికి అటూ ఇటూ, ఒకరి కోసం ఒకరు పని చేసుకున్నారు.

(వచ్చే వారం: 1963లో పోర్ట్ బ్లెయిర్‌కు సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చిన కథ)